పక్కింటి పిల్లి నుంచి కోడిపిల్లల్ని కాపాడుకోవడం ఎలా

పెట్ట పన్నెండు పిల్లల్ని దింపుతుంది. మూడో రోజుకి పది కనిపిస్తాయి, వారానికి ఏడు, నెల తిరిగేసరికి మూడో నాలుగో. కోనసీమలో పెరట్లో నాటుకోళ్ళు పెంచే ఏ ఇంట్లో అడిగినా ఇంచుమించు ఇదే లెక్క చెప్తారు. చివర్లో "పక్కింటోళ్ళ పిల్లండీ" అనడం కూడా మామూలే.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటలో ఇల్లు, వెనక పంటబోదె, చుట్టూ మూడిళ్ళు. ఆ మూడిళ్ళలో కలిపి అయిదు పిల్లులు. ఒక్కటీ మాది కాదు గానీ అయిదూ మా పెరట్లోనే కాపురం. వాటితో కొన్నేళ్ళు పడ్డాక నాకు అర్థమైంది ఇది: ఎదిగిన కోడి జోలికి ఇంటిపిల్లి సాధారణంగా రాదు. పెట్ట ఒక్కసారి ముక్కుతో పొడిస్తే కన్ను పోతుందని దానికీ తెలుసు. ప్రమాదమంతా పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచి పావురాన్ని మించి సైజు వచ్చేదాకా, అంటే సుమారు రెండు నెలలు. అందుకే ఏడాది పొడుగునా పిల్లితోనూ, దాన్ని పెంచేవాళ్ళతోనూ యుద్ధం పెట్టుకోకండి. ఆ అరవై రోజుల సంగతి చూసుకోండి. కింద రాసేదంతా ఆ అరవై రోజుల కోసమే.

ముందు దొంగెవరో తేల్చుకోండి

మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. వరసగా మూడు రాత్రులు మూడు పిల్లలు పోయాయి. నాలుగో రోజు పొద్దున్నే, మొహం కూడా కడుక్కోకుండా పక్కింటికి వెళ్ళాను.

"వదినగారూ, మీ పిల్లి మా కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందండీ."

"మీరు చూశారాండీ?"

"చూడాలేంటండీ, ఇంకెవరు తింటారు?"

"మా పిల్లి రాత్రంతా మా మంచం కిందే ఉందండి. కావాలంటే మా అత్తయ్యగారిని అడగండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

రెండు నెలలు మా మధ్య మాటల్లేవు. గోడ మీద నుంచి కరివేపాకు, పెరుగుతోడు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆగిపోయింది. తీరా చూస్తే దొంగ పందికొక్కు. గూటి వెనక కొబ్బరి డొక్కలు కుప్ప పోసి ఉంచాం. ఆ కుప్ప తీస్తే కింద బొరియ, బొరియలో పిల్లల కాళ్ళు, రెక్క ఈకలు. ఆ రోజు మా ఇంట్లో నా మొహం చూసి అందరూ నవ్వుకున్నారు.

కాబట్టి ఎవరింటికీ వెళ్ళకముందు ఒక పని చెయ్యండి. కోళ్ళన్నీ గూట్లోకి చేరాక, గూటి చుట్టూ రెండడుగుల మేర నేల చదును చేసి, పొడి ఇసుక పలచగా పోసి, దాని మీద ముగ్గు చల్లండి. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి. మామూలు రాతిముగ్గు చాలు. తెల్లారగానే, కోళ్ళని వదలకముందే, వంగి చూడండి. పిల్లి అడుగు గుండ్రంగా, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. నాలుగు వేళ్ళ గుర్తులు ఉంటాయి, గోళ్ళ గుర్తులు ఉండవు, ఎందుకంటే నడిచేటప్పుడు పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ముంగిస అడుగులో అయిదు వేళ్ళు పడతాయి, ప్రతి వేలి ముందూ గోరు చుక్క కనిపిస్తుంది. కుక్క అడుగు పెద్దది, గోళ్ళతో సహా పడుతుంది. ఏమీ లేకుండా వంకర గీత ఒక్కటే ఉంటే పాము. మరీ జాగ్రత్తగా ఉండండి, ఇంకా గూట్లోనే ఉండొచ్చు. చెయ్యి పెట్టకముందు టార్చి వెయ్యండి.

ముగ్గు లేకపోయినా జరిగిన తీరును బట్టి కొంత చెప్పొచ్చు. పిల్లి ఒక్క పిల్లని నోట కరుచుకుని గోడ దూకి పోతుంది. అక్కడ నెత్తురూ ఉండదు, గోలా ఉండదు, మహా అయితే రెండు ఈకలు. ముంగిస అలా కాదు. గూట్లో దూరిందంటే తినేది ఒకటైనా మెడలు కొరికి నాలుగయిదింటిని పడేస్తుంది. అది పట్టపగలు తిరుగుతుంది, గుడ్లు కూడా వదలదు. పెంకుతో సహా గుడ్లు మాయమైతే జెర్రిపోతో, నాగుపామో అనుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఖాళీ జాగాలో పెట్ట ఒక్కసారి గొంతు మార్చి అరిచి, పిల్లలన్నీ చెట్ల కిందకి పరిగెత్తి, ఒకటి తగ్గిందంటే గద్ద. గూటి తలుపు విరిగి, పెద్ద కోళ్ళు చీలికలై పడి ఉంటే వీధికుక్కల పని. ఇందులో పిల్లి వాటా మీరనుకున్నంత ఉండదని నా అనుభవం. అలాగని దాన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. మా వీధి చివర ఇంటి బూడిదరంగు గండుపిల్లిని నా కళ్ళతో నేనే రెండుసార్లు పట్టుకున్నాను.

ఇంకో మాట. కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లో బావురుపిల్లి ఉంటుంది. చేపలు పట్టి తినే అడవి జంతువు అది. తీరం దగ్గర మురుగుకాలవలు, చేపల చెరువులు ఉన్నచోట దీన్ని పెద్ద సైజు ఇంటిపిల్లి అనుకుని పొరపడుతుంటారు. ఇంటిపిల్లికి రెట్టింపు ఒళ్ళు, బూడిదరంగు మీద వరసగా నల్లమచ్చలు, శరీరానికి తగ్గ పొడుగు లేని పొట్టి తోక. అలాంటిది కనిపిస్తే వల వెయ్యకండి, బోను పెట్టకండి, కర్ర తీయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి గట్టి రక్షణ ఉంది. అటవీశాఖ వాళ్ళకి చెప్పి, మీ గూడు బిగించుకోండి.

పిల్లిని పిలుస్తున్నది ఏంటో చూడండి

పక్కింటి పిల్లి మీ పెరట్లోకి కోడిపిల్లల కోసమే వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అది వచ్చింది చేపల కోసం. ఆదివారం పొద్దున్న చేపలు కోసిన జాగా ఎక్కడుందో, మీ కోళ్ళగూడు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మా ఇంట్లో రెండిటికీ మధ్య పది అడుగులు. పొలుసులు, మొప్పలు, పేగులు గూటి పక్కనున్న కొబ్బరిచెట్టు పాదులో పడేసేవాళ్ళం, ఎరువవుతుందని. ఎరువయ్యే లోపు అయిదు పిల్లులూ హాజరు. తినేసి, మూతి నాక్కుంటూ అక్కడే కూర్చుంటాయి, ఎదురుగా కియ్‌కియ్‌మంటూ పిల్లలు. ఇంకేం కావాలి?

ఇప్పుడు గూటికి బాగా దూరంగా ఉన్న చెట్టు పాదులో అడుగు లోతు గొయ్యి తీసి, వ్యర్థం వేసి, పైన బూడిద చల్లి మట్టి కప్పుతున్నాం. రొయ్యల తలకాయలకీ అంతే. చేపలు కడిగిన నీళ్ళు కూడా అక్కడే. ఎండుచేపలు ఎండబెట్టేది మేడ మీదైతే మంచిది. ఈ ఒక్క పనితో మా పెరట్లో పిల్లుల రాకపోకలు సగానికి పైగా తగ్గాయి. కార్తీకమాసం మాత్రం వేరు. ఆ నెల మా వీధిలో చాలా ఇళ్ళలో నీచు వండరు. పిల్లులకీ ఉపవాసమే. కడుపు మాడిన పిల్లి ఎంతకైనా తెగిస్తుంది, కాబట్టి ఆ నెల్లో చిన్న కోడిపిల్లలు ఉండేట్టు పెట్టని పొదగెయ్యకపోవడమే నయం. పొదగడానికి 21 రోజులు, పైన అరవై రోజులు, ఆ లెక్క చూసుకుని వెయ్యండి.

రెండోది ఎలకలు. నూకలు, తవుడు నేల మీద చల్లేసి వదిలేస్తే కోళ్ళు తినగా మిగిలింది రాత్రి ఎలకలు తింటాయి. ఎలకలున్నచోటికి పిల్లి రాక మానదు. ఇరవై నిమిషాల్లో తినేసేంత మాత్రమే వెయ్యండి. మిగతాది మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. సార్వా కోతలయ్యాక చేలో ఎలకలు ఊళ్ళోకి, గడ్డిమేట్లలోకి వస్తాయి. వాటి వెనకే పిల్లులూ వస్తాయి. ఆ రోజుల్లో గడ్డిమేటు పక్కన పిల్లలకోడిని ఉంచకండి. ఎలకలమందు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. మందు తిన్న ఎలకని పిల్లి తింటే పిల్లీ పోతుంది, కోడి పొడిస్తే కోడీ పోతుంది.

మూడోది, చచ్చిన కోళ్ళు. తెగులొచ్చి చచ్చిన కోడిని కాలవలోనో, తోట చివరో విసిరెయ్యడం మనకి అలవాటు. పిల్లికి కోడిమాంసం రుచి అక్కడే మొదట తగులుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి లక్షల కోళ్ళు పోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. ఆ జబ్బు చచ్చిన పక్షిని తిన్న పిల్లికి కూడా అంటుకుంటుంది, అది మళ్ళీ ఇళ్ళలో తిరుగుతుంది. ఒక్క కోడి చచ్చినా చేతికి కవరు తొడుక్కుని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఒకేసారి ఎక్కువ పోతే పశువుల ఆసుపత్రిలో చెప్పండి.

గంప సరిపోదు, ఎందుకంటే

మన పెద్దవాళ్ళు పిల్లలకోడిని గంప కింద మూసి, మీద రాయి పెట్టేవాళ్ళు. గద్దకి, కాకికి అది చాలు. పిల్లికి చాలదు. ఒక మధ్యాహ్నం నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆ బూడిదరంగు పిల్లి గంప చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసింది. పొట్ట నేలకి ఆనించి పడుకుంది. లోపల పిల్లలు అటువైపు సర్దుకున్నాయి. అది లేచి అటు వెళ్ళింది, అవి ఇటొచ్చాయి. అలా నాలుగు సార్లు. అయిదోసారి పిల్లి కదల్లేదు, కళ్ళు సగం మూసుకుని నిద్రపోతున్నట్టు ఉండిపోయింది. ఒక పిల్ల అల్లికకి ఆనుకుని కూర్చోగానే కంతలోంచి పంజా లోపలికి పోయింది, గోళ్ళు విప్పి రెక్క పట్టుకుంది, లాగడం మొదలుపెట్టింది. పిల్ల బయటికి రాదు, కంత చిన్నది. అయినా వదల్లేదు. నేను అట్లకాడతో సహా పరిగెత్తేసరికి పిల్ల రెక్క విరిగిపోయింది.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, పిల్లి లోపలికి దూరక్కర్లేదు, పంజా దూరితే చాలు. అందుకే కోళ్ళకి అందరూ కొనే అంగుళం గళ్ళ కోళ్ళజాలీ పిల్లలకి పనికిరాదు. అర అంగుళం గళ్ళ వెల్డ్‌మెష్, అంటే తీగలు అతికించిన గట్టి ఇనుపజాలీ, తీసుకోండి. కాస్త ఖరీదు ఎక్కువ. కానీ ఒక్క పెట్టకీ, దాని పిల్లలకీ సరిపోయే నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గూటికి మరీ ఎక్కువ మెష్ పట్టదు. ఒకసారి చేస్తే ఏళ్ళు వస్తుంది. ఉప్పుగాలి తగిలే తీరం ఊళ్ళలో మాత్రం తుప్పు తొందరగా పడుతుంది, జింకు పూత మందంగా ఉన్నది అడిగి తీసుకోండి.

చట్రానికి సరుగుడు కర్రలు చాలు. ఇటికల మీదో, సిమెంటు దిమ్మల మీదో నేలకి అడుగున్నర ఎత్తులో నిలబెట్టండి. గోదావరికి వరదొచ్చి లంకల్లోకి నీళ్ళెక్కినప్పుడు, తుపాను వానలకి పెరడు చెరువైనప్పుడు ఈ ఎత్తు విలువ తెలుస్తుంది. అడుగు భాగం కూడా మెష్‌తోనే కొట్టి, పైన వెదురు బద్దలు పరిచి, వాటి మీద ఊక పొయ్యండి. నేల మీదే కట్టాలనుకుంటే మెష్‌ని గోడ నుంచి బయటికి అడుగు మేర నేల మీద పరిచి మట్టితో కప్పాలి. పిల్లి తవ్వదు గానీ ముంగిస, పందికొక్కు తవ్వుతాయి. పైకప్పు సిమెంటు రేకైనా, తాటాకైనా, దాని కింద మెష్ ఉండాల్సిందే. ఒక్క తాటాకునే నమ్ముకుంటే పిల్లి అరగంటలో కంత చేస్తుంది.

తలుపు దగ్గరే చాలామంది మోసపోతారు. చుట్టూ అంత మెష్ కొట్టి, తలుపుకి చిన్న గుడ్డపీలిక కడతారు. గడియ పెట్టండి, గడియకి తీగ కొక్కెం కూడా పెట్టండి. తలుపుకీ చట్రానికీ మధ్య మీ చిటికెనవేలు దూరితే అది పెద్ద సందే.

గూడు ఎక్కడ పెట్టాలన్నది అంతకన్నా ముఖ్యం. పిట్టగోడకి, గడ్డిమేటుకి, వంగిన చెట్టుకి కనీసం ఆరడుగుల దూరంలో పెట్టండి. పిల్లి ఎత్తు మీద కూర్చుని చూసి, అక్కడి నుంచి దూకుతుంది. చుట్టూ ఖాళీ ఉంటే దానికి దాక్కునే చోటుండదు, పెట్టకి ముందే కనిపిస్తుంది. వంటింటి కిటికీలోంచి కనిపించే చోటైతే మరీ మంచిది. నాలాగా అట్లకాడ పట్టుకుని పరిగెత్తొచ్చు.

రెండు వారాలు దాటాక పిల్లలు ఆ చిన్న గూట్లో ఉండలేవు. పురుగు ఏరుకోవాలి, మట్టి గీరుకోవాలి. అప్పుడు పది అడుగులు, పది అడుగుల దడి కట్టండి. మన దగ్గర రొయ్యల చెరువుల వాళ్ళు పీతలు రాకుండా గట్టు చుట్టూ కట్టే నీలం మెష్ పాతది చవగ్గా దొరుకుతుంది. నడుం ఎత్తు దాకా అది రెండు పొరలు, పైన చెరువు మీద పక్షులకి కట్టే వల. వల లాగి బిగించకండి, కాస్త వదులుగా ఉయ్యాలలా వేలాడనివ్వండి. గోడ దిగబోయిన పిల్లికి కాలు కింద ఊగే వల మీద నిలబడటం నచ్చదు. ఒక జాగ్రత్త: నైలాను వల అంచులు నేల మీద కుప్పగా పడేసి ఉంచకండి. జెర్రిపోతులు, నాగుపాములు అందులో చిక్కుకుంటాయి. చిక్కిన పాముని విడిపించడం మీ పని కాదు, పాములు పట్టేవాళ్ళని పిలవాలి.

రోజూ చేసేది

పిల్లి వేట ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపువేళ. ఎండెక్కాక అది ఏ అరుగు మీదో నిద్రపోతుంది. పిల్లల్ని పొద్దున్న ఎనిమిది దాటాక దడిలోకి వదలండి, సాయంత్రం నాలుగున్నర, అయిదు లోపు గూట్లో పెట్టి గడియ వెయ్యండి. రోజూ ఒకే టైముకి గుప్పెడు నూకలు గూట్లో చల్లి, ఒకే రకంగా "బా... బా..." అని పిలిస్తే వారం తిరక్కుండా పెట్టే పిల్లల్ని తీసుకుని వచ్చేస్తుంది. మూసేటప్పుడు లెక్కపెట్టండి. లెక్క తప్పిన రోజే తెలిస్తే వెతకొచ్చు, నాలుగు రోజుల తర్వాత తెలిస్తే పక్కింటి మీద పడటం తప్ప చేసేదేం లేదు.

ఏ పెట్ట కింద గుడ్లు పెట్టాలో కూడా ఆలోచించండి. పిరికి పెట్ట పిల్లిని చూడగానే గోడెక్కి అరుస్తుంది, పిల్లలు దిక్కులు చూస్తాయి. పందెంకోడి జాతి పెట్టలు అలా కాదు. మా ఎర్రపెట్ట ఒకటుంది. పిల్లి కనిపిస్తే ఈకలన్నీ విప్పి రెండింతలై, రెక్కలు నేలకి రాస్తూ సూటిగా మీదకి వెళ్తుంది. మొదటిసారి ఆ బూడిదరంగు పిల్లి చెవులు వెనక్కి వాల్చి, ఒంటిని వంచి, అడుగు అడుగు వెనక్కి వేసి, ఒక్కసారి తిరిగి పారిపోయింది. మళ్ళీ ఆ పెట్ట జోలికి రాలేదు. ఇప్పుడు వేరే పెట్టలు పెట్టిన గుడ్లు కూడా దాని కిందే వేస్తున్నాం.

పిల్లిని తోలాల్సి వస్తే నీళ్ళు చాలు. చెంబుడు నీళ్ళు దాని పక్కన నేల మీద పడేట్టు విసిరితే ఆ రోజుకి మళ్ళీ రాదు. రాళ్ళు, కర్రలు వద్దు. గురి తప్పితే మీ కోడికే తగులుతుంది.

నిమ్మతొక్కలు, కాఫీపొడి, కారం లాంటి చిట్కాలు చాలామంది చెప్తారు. నేను చల్లి చూశాను. మన వానలకి ఒక్క రోజు కూడా నిలవవు, కారం మాత్రం కోళ్ళ కళ్ళలో పడింది. కలరా ఉండలు అసలు వద్దు, అవి పిల్లికీ, కోడికీ విషమే. ఫినాయిలు కూడా అంతే.

పక్కింటివాళ్ళతో

ఇవన్నీ చేశాక కూడా పిల్లి వదలకపోతే అప్పుడు వెళ్ళండి. మనిషి మీద కోపంగా కాదు, చేతిలో అరడజను గుడ్లతో. ఫోన్లో ఫొటో ఉంటే ఇంకా మంచిది, కానీ ముందే తీసి చూపించకండి. అడిగితే చూపించండి. పందికొక్కు సంగతి తేలాక నేను వదినగారి దగ్గరకి అలాగే వెళ్ళాను. "తప్పు నాదేనండి, మీ పిల్లిని అనవసరంగా అన్నాను" అని చెప్పాను. ఆవిడ నవ్వేసి, "మాదీ ఏం తక్కువ తినలేదులెండి, చిన్నప్పుడు ఒకటి ఎత్తుకొచ్చింది, చెప్పలేదు" అన్నారు.

వాళ్ళని అడగాల్సినవి మూడే. ఒకటి, సాయంత్రం చీకటి పడకముందే పిల్లికి కడుపునిండా పెట్టమనండి. కడుపు నిండినా వేటాడుతుంది, కాకపోతే దూరం పోయి తంటాలు పడదు. రెండు, మెడకి మువ్వ కట్టమనండి. చప్పుడు వినగానే పెట్ట ముందే సర్దుకుంటుంది. తాడుతో బిగించి కట్టకూడదు, కొమ్మకి తగులుకుంటే ఉరి పడుతుంది. సాగే ఎలాస్టిక్‌తో తల బయటికి తీసుకోగలిగేట్టు ఉండాలి. మూడు, ఆపరేషన్. పిల్లి కడుపు సుమారు రెండు నెలలు, ఏడాదిలో రెండు మూడుసార్లు ఈనగలదు. ఆడపిల్లికి ఆరు నెలలు నిండాయంటే కడుపుతో ఉండొచ్చు. గండుపిల్లికి చేయిస్తే ఊరంతా తిరగడం, కొట్లాటలు బాగా తగ్గుతాయి. మీ దగ్గర పశువుల ఆసుపత్రిలో పిల్లులకి చేస్తారో లేదో ముందు కనుక్కోండి, లేదంటే పట్నంలో పెంపుడు జంతువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలి. ఆటో ఖర్చు సగం మీరు పెట్టుకుంటానంటే కాదనేవాళ్ళు తక్కువ. వీధి చివర బూడిదరంగు పిల్లికి అలాగే చేయించాం, మూడిళ్ళ వాళ్ళం కలిసి.

గోనెసంచిలో కట్టి కాలవ అవతల వదిలేద్దామని మా బాబాయిగారు ఒకప్పుడు ప్రయత్నించారు. అయిదో రోజున అది వంతెన మీదుగా నడిచొచ్చి, ఆయన పడక్కుర్చీలోనే పడుకుంది. ఒకవేళ రాకపోయినా లాభం లేదు, ఆ జాగాలోకి ఇంకో పిల్లి వస్తుంది. అది ఎవరిదో, దాని అలవాట్లేంటో మీకు తెలియదు. ఇక మందు పెట్టడం, చంపడం సంగతి. పాపం పుణ్యం పక్కన పెట్టినా, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ ప్రకారం జంతువుని చంపినా, విషం పెట్టినా అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు. పైగా పక్కింటి పిల్లికి పెట్టిన మందు ముందు తినేది మన కోళ్ళే.

పోయిన నెల వదినగారి పిల్లి, ఆపరేషన్‌కి తీసుకెళ్దామనుకుంటుండగానే, మా గడ్డిమేటులో నాలుగు పిల్లల్ని పెట్టింది. మీకూ ఇలా జరిగితే కదపకండి, తల్లి వాటిని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పుతుంది, ఎక్కడ పెట్టిందో కూడా తెలియకుండా పోతుంది. పాలు మానేదాకా, అంటే సుమారు ఎనిమిది వారాలు, అక్కడే ఉండనిచ్చి, కోడిపిల్లల దడిని ఆ పక్క నుంచి మార్చెయ్యండి. తర్వాత తల్లికి ఆపరేషన్, పిల్లల్ని అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యడం. ఒకదాన్ని మేమే ఉంచుకుంటున్నాం. రోజూ ఓ పది నిమిషాలు దాన్ని ఎర్రపెట్ట దడి బయట కూర్చోబెడుతున్నాను, మెష్‌కి ఇటువైపు. నిన్న ముక్కు ఆనించి లోపలికి చూడబోయింది, పెట్ట వచ్చి మెష్ మీద ఠక్కున పొడిచింది. అప్పట్నుంచి దడికి మూరెడు దూరంలోనే కూర్చుంటోంది.